క్లియరెన్స్ లేని పొయ్యి

షాంటిలీ, వర్జీనియా
ఏప్రిల్ 6

ఆంజనేయప్రసాద్ బావగారికి రఘువీర్ నమస్కారాలు.

ఫోన్ చేస్తే మా అక్క లాక్కుంటుంది, మన దాకా మాట రాదు. అందుకని ఉత్తరం.

పెరట్లో దేవదారు చెక్కతో ఆవిరిగది కట్టించాను. మీ ఇంట్లో ఉన్నటువంటి సౌనాయే. కరెంటుది కాదు, కట్టెలది. పొయ్యి నిన్న నేనే దించి పెట్టాను. దాంతో వచ్చిన పుస్తకం నలభై పేజీలుంది. పద్నాలుగేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాణ్ణి, పుస్తకం చూసి బిగించేవాళ్ళంటే నాకు జాలి. పొయ్యిని తలుపు పక్కన గోడకి ఆనించేసరికి ఎంత చోటు కలిసొచ్చిందో! తొమ్మిదిమంది కూర్చోవచ్చు. 24వ తేదీ శుక్రవారం మా వీధిలో మనవాళ్ళని నాలుగు కుటుంబాలను పిలిచాను. ఇరవై ఏళ్ళ అనుభవం మీది. వెలిగించేముందు ఒక్కమాట చెప్పండి.

మీ మాటే వేదంగా,
రఘువీర్

తా.క. రాగిణి ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చదువుతోంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఆవిడకి కథలంటే ఇష్టం.

డులూత్, మిన్నెసోటా
ఏప్రిల్ 10

రఘువీర్‌కి బావ ఆశీస్సులు.

అడగాల్సినవాణ్ణే అడిగావు. క్లుప్తంగా చెప్తాను. క్లియరెన్స్ లేకుండా అగ్గిపుల్ల గీయకు. పర్మిట్ తీసుకో. ఇన్‌స్పెక్షన్ అయ్యాకే జనాన్ని పిలువు. ఆవిరి కోసమని పొయ్యి మీద ఏటిరాళ్ళు పెట్టకు, లోపలి తేమకి పేలతాయి.

ఇంతకన్నా విడమర్చి రాస్తే నీ తెలివిని అవమానించినట్టు.

నీ క్షేమం కోరే,
ఆంజనేయప్రసాద్

తా.క. "మా తమ్ముడికి ఒక్కసారి చెప్తే చాలు" అంది మీ అక్క. నేను నవ్వలేదు. దగ్గు వచ్చింది.

షాంటిలీ
ఏప్రిల్ 14

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ అన్నం సహించడంలేదు. మా ఊళ్ళో క్లియరెన్స్ అంటే ఒక్కటే అర్థం: ప్రభుత్వ రహస్యాలు చూడ్డానికి ఈ దేశ పౌరులకిచ్చే అనుమతి. హెచ్-1బి వాడికి అది కల్లో కూడా రాదు. కట్టెల పొయ్యికీ అది కావాలని నాకేం తెలుసు? సిగ్గు విడిచి మా మేనేజర్ పాట్రీషియాని వీడియో కాల్‌లో అడిగాను, "ఇంట్లో ఒకటి వెలిగించాలి, క్లియరెన్స్ స్పాన్సర్ చేస్తారా?" అని. ఆవిడ కెమెరా ఆపేసింది. మర్నాడు కంపెనీ లాయరు కాల్ చేశాడు.

"మీ పెరట్లో ఏం తయారవుతోంది?"

"ఆవిరి" అన్నాను. రాసుకున్నాడు.

ఏం చేయమంటారు?

దిక్కుతోచని,
రఘువీర్

తా.క. ఏదీ దాచకూడదని, "పేలతాయి" అని మీరు రాసిన ముక్క కూడా లాయరుకి చదివి వినిపించాను.

డులూత్
ఏప్రిల్ 18

రఘువీర్‌కి ఆశీస్సులు.

నీ ఉత్తరం పైపైన చూశాను. ఆ మేనేజరెవరో, మీ కాలనీ సంఘం మనిషి అయ్యుంటుంది. ఆవిణ్ణెందుకు అడిగావు? క్లియరెన్స్ ఒకరిచ్చేది కాదు. నువ్వే వదిలిపెట్టాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చేలోగా వదిలిపెడితే మర్యాద. వచ్చాక పట్టుబడితే పరువు తక్కువ. అడిగిందల్లా చూపించు.

ధైర్యంగా ఉండమనే,
బావ

తా.క. ఏం వదిలిపెట్టాలో నీకు అర్థమైందో లేదో అడగమంది మీ అక్క. అంత అమాయకుడు కాదులే అన్నాను.

షాంటిలీ
ఏప్రిల్ 25

బావగారికి, మొహం చెల్లక రాస్తున్నాను.

మీరు వదిలిపెట్టమన్నది దేశాన్ననుకున్నాను. నాలుగు సూట్‌కేసులు హాల్లోకి దించాను. పిలిచినవాళ్ళని రావద్దనడానికి నోరు రాలేదు. నిన్న మధ్యాహ్నం అందరూ తువ్వాళ్ళతో పెరట్లో దిగారు. అందరిదీ వర్క్ ఫ్రమ్ హోమే, మా హోమ్ నుంచి. ఇంతలో బెల్ మోగింది. బ్యాడ్జి పెట్టుకున్న పెద్దావిడ, "ఇన్‌స్పెక్షన్" అంది.

ఇమిగ్రేషన్ వాళ్ళే అనుకున్నాను. తువ్వాలు మీదే పరిగెత్తి ఫైలు తెచ్చి చేతిలో పెట్టాను. వీసా కాగితాలు, పే స్టబ్‌లు, పెళ్ళి ఫోటోలు, చివరికి టెన్త్ మార్కుల మెమో.

"మేడమ్, నేనెవర్నీ మోసం చేయలేదు. ఒక్క వారం టైమివ్వండి, వెళ్ళిపోతాం" అని ఏడ్చేశాను.

ఆవిడ పెళ్ళి ఫోటో చూసి, "చాలా బాగున్నారు. పొయ్యి ఎక్కడ?" అంది.

పక్కింటి రియాకి ఐదేళ్ళు. "మమ్మీ, రఘు అంకుల్ ఏడుస్తుంది!" అని పెరడంతా వినిపించేలా చెప్పింది.

ఆవిడ పర్మిట్లిచ్చే కౌంటీ ఆఫీసు మనిషి. రాగిణి మీ మొదటి ఉత్తరం చదివిన రోజే పర్మిట్‌కి అప్లై చేసిందట. నాకెందుకు చెప్పలేదంటే, "చెప్పబోయాను. కథలు తర్వాత అన్నారు" అంది.

పొయ్యికీ గోడకీ మధ్య ఆవిడ వేలు కూడా పట్టలేదు. మా పుస్తకంలోనే చూపించింది: చెక్కగోడకి ఇరవై అంగుళాల దూరం ఉండాలి. ఆ ఖాళీ పేరే క్లియరెన్స్. పొయ్యి కింద ఇటుకల్లేవు, పొగగొట్టం కప్పు దాటేచోట వేడిని ఆపే తొడుగు లేదు, విషవాయువుని పట్టే అలారం లేదు.

"ఏళ్ళ తరబడి వేడి తిన్న చెక్క లోలోపలే బొగ్గవుతుంది. ఒకరోజు మామూలు వేడికే అంటుకుంటుంది. మీరైతే అంతకాలం కూడా ఆగనక్కర్లేదు" అంది.

ఉన్న ఒక్క తలుపు పక్కనే పొయ్యి పెట్టాను బావా. వెలిగించి ఉంటే లోపల తొమ్మిదిమంది, వాళ్ళలో రియా. అందరిముందూ ఏడ్చినందుకు పడ్డ సిగ్గు పది నిమిషాల్లో పోయింది. ఇది పోవడంలేదు.

తలెత్తుకోలేని,
రఘువీర్

తా.క. వచ్చినవాళ్ళు పకోడీలు తిని, ఆ తువ్వాళ్ళతోనే చేతులు తుడుచుకుని వెళ్ళారు.

డులూత్
మే 1

రఘూ,

ఈసారి ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడంలేదు.

నీ ఉత్తరం మీ అక్క పైకి చదువుతుంటే కడుపుబ్బ నవ్వాను. "వేడి తిన్న చెక్క" దగ్గర ఆమె చదవడం ఆపింది. టేపు తీసుకుని మా సౌనాలోకి వెళ్ళింది.

"ఏమండీ, ఎనిమిది" అంది లోపల్నుంచి.

ఎనిమిది అంగుళాలు. మా పొయ్యికి పద్దెనిమిది ఉండాలట. జానెడు చాలనుకున్నాను. మా పుస్తకానికి చుట్టిన ప్లాస్టిక్ కవరు మొన్నటిదాకా చిరగలేదు. గోడ పలక ఊడదీస్తే వెనక కర్ర చేతిలో పొడైపోయింది. ఇరవై ఏళ్ళు ప్రతి శనివారం మీ అక్కనీ పిల్లల్నీ ఆ గదిలో కూర్చోబెట్టి, "ఇంకో కట్టె వెయ్యనా?" అని అడిగిన మూర్ఖుణ్ణి. పర్మిట్ తీసుకోలేదు. నీకు రాసిన నాలుగు ముక్కలూ హార్డ్‌వేర్ షాపు గోడమీద చదివినవే.

మీ అక్క ఆ బొగ్గుపొడిని పళ్ళెంలోకి ఎత్తి భోజనాల బల్ల మీద పెట్టింది. రెండు రోజులుగా దాని పక్కనే తింటున్నాం.

రేపు మా ఊరి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. నేనే పిలిచాను.

నీకు సలహా చెప్పే అర్హత లేని,
ఆంజనేయప్రసాద్

తా.క. ఈ ఉత్తరం మీ అక్క దగ్గరుండి చెప్పి రాయించింది. "మూర్ఖుణ్ణి" అన్నమాట మూడుచోట్ల వచ్చింది. బతిమాలితే రెండు కొట్టేయనిచ్చింది.