రెండు బన్నూరు గొర్రెపిల్లలు

అత్తిబెలె,
జూన్ 1943

చిరంజీవి నాగరాజుకు మేనత్త అక్కయమ్మ దీవెనలు.

ఇక్కడ వాన పడింది, గడ్డి మొలిచింది. మీ మామ పోయాక దొడ్డి ఖాళీగా ఉంది. చిన్నప్పుడు ఒక జాతరలో బన్నూరు గొర్రెల్ని చూశాను. ఆ అందం మళ్ళీ ఎక్కడా కనబడలేదు. ఇప్పుడు ఆ జాతి కలగాపులగమైపోయిందట. మడివాళలో బైరప్ప అనే ఆయన దగ్గర మాత్రం అచ్చమైన మంద ఉందని సంతలో విన్నాను. నువ్వు వెళ్ళి రెండు ఆడపిల్లల్ని కొనిపెట్టు. గుర్తులు చెబుతాను: ముక్కు వంపు, మెడ కింద రెండు లోలకులు.

నీ అత్త

తా.క. బట్టల అంగట్లో కూర్చునేవాడికి గొర్రెలతో ఏం పని అనుకోకు. కంబళ్ళు అమ్ముతావు కదా, అవి ఏ చెట్టుకు కాస్తాయో చూసినట్టుంటుంది.

చిక్కపేట, బెంగళూరు

పూజ్యులైన అత్తకు నాగరాజు నమస్కారాలు.

మోసపోకుండా బయటపడ్డాం. బైరప్ప చూపించిన పిల్లలకు కాళ్ళే లేవు. పీటలు నడిచి వస్తున్నట్టున్నాయి. తిండి లేక ఎదగలేదా అని అడిగితే, ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి గుడిసెలోకి వెళ్ళిపోయాడు. దారిలో సంతలో మంచివి దొరికాయి. పొడుగు కాళ్ళు, చురుకు చూపు, మెడ కింద లోలకులు కూడా ఉన్నాయి. కొనేశాను. నిన్న ఒకటి గోడ మీద నడిచింది. ముక్కు వంపు మాత్రం లేదు, పెరిగితే వస్తుందని అమ్మినాయన చెప్పాడు.

మీ నాగరాజు

తా.క. 'రెండు ఆడపిల్లల్ని కొనిపెట్టు' అన్న చోటు మాత్రమే చదివి మీ కోడలు జయమ్మ నాతో మాట్లాడడం మానేసింది.

అత్తిబెలె

నాగరాజుకు అత్త ఆశీస్సులు.

గోడ మీద నడిచే గొర్రెను నేనింతవరకు చూడలేదు. వాటి తోకలు పైకి నిలబడ్డాయా, కిందికి వేలాడుతున్నాయా? పైకి ఉంటే, నాయనా, నువ్వు కొన్నవి మేకపిల్లలు. లోలకులు మేకలకూ ఉంటాయి. బన్నూరు గొర్రెకు పొట్టి కాళ్ళే అందం. వెనక నుంచి చూస్తే బోర్లించిన బానలాగా ఉండాలి. నువ్వు కాదని వచ్చింది వాటినే! వెంటనే పోయి బైరప్పను బతిమాలు. ఇవ్వకపోయినా సరే, అవి ఎలా నడుస్తాయో, పిలిస్తే వస్తాయో చూసి రాయి.

నీ అత్త

తా.క. జయమ్మను కోపం మానమను. ఆడపిల్లను ఏరడం నీకు చేతకాదు. ఆమెను ఏరింది నేను.

చిక్కపేట

అత్తకు నాగరాజు నమస్కారాలు.

తోకలు పైకే ఉన్నాయి.

మడివాళకు వెళ్ళాను. బైరప్ప తల వంచుకుని పొట్టేలు గిట్టలు చూసుకుంటున్నాడు. మీ జాబు చదివి వినిపించాను. బోర్లించిన బాన దగ్గర తలెత్తి, మళ్ళీ చదవమన్నాడు. మీరెవరు, ఏ ఊరు, వాటిని ఎక్కడ చూశారని అడిగాడు. ఆయన మేపుకునే బీడులో యుద్ధానికొచ్చిన పటాలం వాళ్ళు డేరాలు వేస్తున్నారు, ఖాళీ చేయాలట. మాంసం కంట్రాక్టరు మంద మొత్తం తనకే ఇమ్మంటున్నాడు. "ఇవి పోతే ఈ రూపు ఇంక కనబడేది లేదప్పా" అన్నాడు బైరప్ప, పొట్టేలును నిమురుతూ. రెండు పిల్లల్ని ఇమ్మనడానికి నాకు నోరు రాలేదు.

ఆయన నాలుకతో చప్పుడు చేస్తే మందంతా ఒక్కసారి తిరిగి చూసింది. నడక నిండు చూలాలి నడక. అంగడి మరిచిపోయి అలా చూస్తూ నిలబడ్డాను. నిన్న మళ్ళీ పోతే గుడిసె ఖాళీ. కంట్రాక్టరు తోలుకుపోయాడేమోనని మనసు బాగాలేదు.

మీ నాగరాజు

తా.క. మేకపిల్లలు అంగట్లో ఒక ధోవతి సగం తినేశాయి. బేరమాడుతున్న గంగప్ప అనే ఆయన వాటిని చూసి, మేకలకు నచ్చిందంటే నేత మంచిదేనని ఇంకోటి కొన్నాడు.

అత్తిబెలె

నాగరాజుకు అత్త దీవెనలు.

మనసు కుదుట పరచుకో. మొన్న పొద్దున కళ్ళాపి చల్లుతుంటే హొసూరు రోడ్డు మీద ఏదో తెల్లగా దొర్లుకుంటూ వస్తోంది. దగ్గరికొస్తే గొర్రెలు! ముందు బైరప్ప. "బోర్లించిన బాన అన్న తల్లివి నువ్వేనా?" అన్నాడు. దొడ్డంతా తిరిగాడు, గడ్డి నలిపి వాసన చూశాడు, బావినీళ్ళు పుక్కిలించి చూశాడు. నా పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ నన్ను అన్ని ప్రశ్నలు వేయలేదు. రెండు పిల్లల్ని అమ్ముతావా అంటే, ఒక్కటీ అమ్మనన్నాడు. మంద ఇక్కడే ఉంటుందట, తనూ ఉంటాడట. నాకు ఇష్టమా అని అడగనే లేదు, నేనూ కాదనలేదు. ఎడ్లకొట్టం ఊడ్చి ఇచ్చాను. అప్పటి నుంచి వాటి వెనకే తిరుగుతున్నాను, వంట మీదికి మనసు పోదు.

నీ అత్త

తా.క. జాబు అంటించేలోగా ఒక గొర్రె ఈనింది. తడి ఆరకముందే బైరప్ప పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "అమ్మేది లేదంటినే గానీ, ఇది నీ గడ్డ మీద పుట్టిండాది. నీదే" అన్నాడు. ఇప్పుడది నిలబడాలని చూస్తోంది. ఉంటాను, పోయి పట్టుకోవాలి.