పార్వతమ్మ మోకాళ్ళూ, వావిలాకు లేపనమూ

సూరత్

పూజ్యులైన పెదనాన్నకు, కోమలి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా, మా అత్తయ్య మోకాళ్ళు తప్ప. ఫోనులో చెబుదామంటే, నేను "మోకాళ్ళు" అన్నప్పుడల్లా మీరు "మూకుళ్ళు సూరత్‌లో దొరకవా?" అని అడిగారు. అందుకే ఉత్తరం.

మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అత్తయ్య మంచం దిగడమే మానేశారు. కర్నూల్లో మా మరిదిది కింద వాటా అని, అక్కడికే పోతానని పట్టుబట్టి టికెట్టు కొనిపించారు. మా ఆయన వంశీధర్ పొద్దున్నే హజీరా కంపెనీ బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. రోజంతా తెలుగులో పోట్లాడుకోవడానికి నాకీ ఊళ్ళో ఆవిడ తప్ప ఎవరున్నారు పెదనాన్నా? మీరు పెద్దమ్మకు చేసే పచ్చ లేపనం ఎలా చేయాలో వెంటనే రాయండి.

మీ కోమలి

తా.క.: అత్తయ్యకు ఇంకా చెప్పలేదు. చెబితే చేయకముందే వంక పెడతారు.

* * *

తుని

చి.ల.సౌ. కోమలికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ మూకుళ్ళ గొడవేమిటో ఇప్పటికి అర్థమైంది. వావిలాకు దంచి రసం తీసి, నువ్వులనూనెలో పోసి సన్నసెగ మీద కాచు. చిటపటలు ఆగితే నీరు ఇగిరినట్టు. గుడ్డలో వడకట్టి, తేనెమైనం తురిమి వేసి కరిగించు. దించి, గోరువెచ్చనయ్యాక కర్పూరం పొడి కలిపి డబ్బాలో పోసెయ్. అంతే.

ఆశీర్వదిస్తూ,
భీమశంకరం

తా.క.: మీ పెద్దమ్మ ఇది పూసుకునే నిరుడు అన్నవరం మెట్లెక్కింది. నేను కిందే కూర్చున్నాను. నాకు పూసేవాళ్ళు లేరు.

* * *

సూరత్

పెదనాన్నకు, కోమలి దిగులుగా రాయునది.

వావిలిని ఇక్కడ నగోడ్ అంటారట. వంశీ పల్సానాలో ఓ కంచె పక్కన సంచీడు కోసుకొచ్చాడు. మీ ఉత్తరం మీద టీ ఒలకబోసిందీ అతనే. మిగిలిన అక్షరాలు కూడబలుక్కుని, మీరు చెప్పినట్టే తేనె, మైదా వేసి కలియబెట్టాను. గరిటె నిటారుగా నిలబడిపోయింది! చల్లారాక చాకుతో ముక్కలు కోయాల్సి వచ్చింది.

ఒక ముక్క అత్తయ్య మోకాలికి అంటించాను. చీమలు బారులు తీరాయి. "వచ్చే నెల రైలు ఈ రోజే ఎక్కించండ్రా" అని ఆవిడ ఒకటే కేకలు. ఆ కేకలకు పక్కింటి ఊర్మిళాబెన్ వచ్చింది. పళ్ళెంలో ముక్కలు చూసి, ఇక్కడివాళ్ళు చలికాలంలో తినే మెంతుల మిఠాయి అనుకుని ఒకటి నోట్లో వేసేసుకుంది. వంశీ మర్యాదకి ఇంకో ముక్క అందించాడు. అదీ తిని, "సరస్, బహు సరస్" అంటూ వెళ్ళింది.

మీ కోమలి

తా.క.: చివర కలపమన్న పొడి పేరు టీలో కొట్టుకుపోయింది కాబట్టి వేయలేదు. ఏమైనా ముఖ్యమా?

* * *

తుని

కోమలికి, పెదనాన్న కంగారుగా రాయునది.

మైదా కాదే తల్లీ, మైనం! తేనెపట్టు నుంచి తీసే మైనం! పైన పూసుకునే మందు ఎవరూ తినకూడదు. ఆ ఊర్మిళను ముందు డాక్టరుకు చూపించండి. ఆ పొడి కర్పూరం, తింటే విషం. అది పడకపోవడం మన అదృష్టం.

ఇక రెండో సంగతి. పక్కింటావిడ మీ ఆయన చేతి ముక్క తిని "సరస్ సరస్" అందని ఎంత తేలిగ్గా రాశావమ్మా! సరసాలు ముదరకముందే ఇల్లు మారండి. నేనొచ్చి మాట్లాడమంటే వస్తాను.

భీమశంకరం

తా.క.: ఈ పేరా వంశీధర్‌కి చూపించకు. లేదా చూపించు.

* * *

సూరత్

అన్నయ్యగారికి, కోమలి అత్తగారు పార్వతి నమస్కరించి రాయునది.

మీ కోమలి లేచి రాసే స్థితిలో లేదు. ముందుగా, మావాడు బుద్ధిమంతుడు. సరస్ అంటే ఇక్కడ బాగుందని అర్థం. ఊర్మిళను డాక్టరు చూశాడు, ఆవిడకేమీ కాలేదు.

మీరు చెప్పిన మైనం తెచ్చి కోమలి మళ్ళీ కాచింది. ఈసారి లేపనం వెన్నలా కుదిరింది. కానీ ఆ వాసన! పెద్దవారు, క్షమించాలి. "ఒక్కసారి పూయనివ్వండి అత్తయ్యా" అంటూ పిల్ల డబ్బాతో రావడం, నేను చెప్పులేసుకుని మెట్లు దిగి పారిపోవడం! మొదట ఒక్క అంతస్తు దిగి చతికిలబడ్డాను. "ఇక దొరికారు" అంటూ వచ్చింది. ఇంకో అంతస్తు దిగాను. అలా అలవాటైపోయి, ఇప్పుడు ఊర్మిళతో బజారుకెళ్ళి కూరలు తెస్తున్నాను. ఈసారి మీ మందు ఒక్క చుక్క కూడా నా మోకాలికి తగల్లేదు.

నా వెంట దిగీ ఎక్కీ కోమలే కాలు బెణికించుకుంది. మంచం మీద ఉంది. పూసేది నేను. కర్నూలు టికెట్టు రద్దు చేయించాను. పిల్లను ఇలా వదిలి ఎలా వెళ్ళను? అదీగాక, అక్కడ చిన్నకోడలు నేనేమన్నా "అలాగే అత్తయ్యా" అంటుంది. రోజు గడవొద్దూ!

ఇట్లు,
పార్వతి

తా.క.: ముక్కుకు రాసుకుంటే ఏ వాసనా తెలియకుండా చేసే లేపనం ఏదైనా ఉంటే రాయండి. కోమలికి పూసే ముందు నేను రాసుకుంటాను.