పనసగుడ హాల్టు, డ్రైవరు గారి క్యారియరు

పనసగుడ,
అరకులోయ మండలం,
తేది: 22-6-1998

శ్రీయుత రైల్వే పెద్ద అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పనసగుడ హాల్టులో పాసింజరు బండి ఒక్క నిమిషం ఆగుటను పునరుద్ధరించుట గురించి; అది ఆగకపోవుటకు కారకురాలిని నేనే అగుట గురించి.

నేను ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం విద్యార్థినిని. మా ఊరిలో అర్జీ రాయగలిగినది నేనొక్కదానినే గనుక, ఊరందరి తరఫున మనవి చేసుకొనుచున్నాను.

1. పూర్వ చరిత్ర: ఈ లైను వేసేటప్పుడు మా తాత కొర్రా సోంబరు రాళ్ళు మోసిన కూలీ. రైలు పట్టాలు సరిగ్గా మా గ్రామదేవత జాకరమ్మ తల్లి రాయి మీదుగా వేయవలసి వచ్చింది. ఇంజనీరు గారు ఊరివాళ్ళను కూర్చోబెట్టి, "తల్లిని ముప్పై అడుగులు జరపండి. రైలు రోజూ ఇక్కడ ఆగి, ఆమెకు దండం పెట్టుకొని పోతుంది" అన్నారట. మావాళ్ళు కోడిని కోసి, తల్లిని బతిమాలి జరిపారు. హాల్టు పుట్టుక ఇది. ఈ మాటకు కాగితం లేదు. కాగితం అడగాలని మావాళ్ళకు తెలియదు.

2. ఏప్రిల్ నెలలో ఇటుకల పండుగ. మగవాళ్ళు అడవికి వేటకు పోతారు. ఆడవాళ్ళం దారికి అడ్డంగా తీగ కట్టి, వచ్చేపోయేవారిని కానుక అడుగుతాము. ఇవ్వకుండా ఎవరైనా దాటిపోతే వేట దొరకదని నమ్మకం. ఆ రోజు జీపు ఒక్కటీ రాలేదు. అప్పుడు నేనే, "రైలు మాత్రం మన దారిన పోవడం లేదేటి?" అన్నాను. అందరూ నవ్వారు. ఎప్పటిలాగే ఆగి ఉన్న బండి ముందు మామిడాకుల తీగ కట్టినది కూడా నేనే.

డ్రైవరు గారు తల బయటపెట్టి, "ఏటే గుంటా, ఇంజనుకి కూడా కానుకేటి?" అన్నారు.

మా అవ్వ సోములమ్మ, "ఏటో ఒకటి ఇచ్చీ బాబూ, బేగి పోదువు" అంది.

"నా కాడ ఏటుందే అవ్వా! పులిహోరుంది. మా ఇంటిది సేసింది. తినీసి, గిన్నె రేపిచ్చీండి" అని క్యారియరు అందించారు. మేము పాట పాడి తీగ విప్పాము. బండి నాలుగు నిమిషాలు ఆలస్యమైనది.

3. వారం తిరగక ముందే హాల్టు బోర్డుకు నోటీసు అంటించారు. రైలు రాకపోకలకు విఘాతం కలిగించి, సిబ్బంది ఆహారమును బలవంతముగా తీసుకొన్నందున హాల్టు రద్దు అని అందులో ఉన్నది. ఊరందరికీ చదివి వినిపించినది నేనే. 'విఘాతం' అంటే ఏమిటని అడిగితే, నిఘంటువులో చూసి కూడా చెప్పలేకపోయాను.

4. మొన్న వానలో మా వదిన చిట్టెమ్మను పురిటి నొప్పులతో డోలీలో తొమ్మిది కిలోమీటర్లు ఆసుపత్రికి మోశారు. పట్టాల పక్కనే నడిచారు. పాసింజరు వారిని దాటిపోయింది. కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపారు. తల్లీ బిడ్డా బతికారు. ప్రతిసారీ బతుకుతారని నేను రాయలేను.

5. కావున తమరు నన్ను దండించి, హాల్టును మాకు తిరిగి ఇప్పించండి. తల్లిని వెనక్కి జరుపుదామా అని పెద్దలు అడుగుచున్నారు. ఆమె పాత చోటు ఇప్పుడు పట్టాల నడుమ ఉన్నది. వారికి ఏమి చెప్పమంటారో తమరే సెలవియ్యండి.

పై సంగతులు నిజమని ప్రమాణం చేయుచున్నాను. ఒక్క నిమిషం మా వైపు చూసి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కొర్రా హేమలత

తాజా కలం: క్యారియరు మా ఇంటిలోనే ఉన్నది. మూత మీద 'పి. సన్యాసిరావు' అని చుక్కలతో చెక్కి ఉన్నది. ఒకరి గిన్నె వట్టిది తిరిగి ఇవ్వరాదని, అవ్వ రోజూ పనస తొనలు పెట్టుకొని హాల్టులో నిలబడుతున్నది. బండి వెళ్ళిపోయాక ఆ తొనలు పిల్లలకు పంచి, గిన్నె కడుగుతున్నది. పండుగ మరునాటి నుండే ఆ డ్రైవరు గారు మరల కనబడలేదు. మా వలన ఆయనకు శిక్ష పడి ఉంటే, అది కూడా నాకే వేయండి. ఈ అర్జీ రాస్తుంటే అవ్వ పక్కన కూర్చుని, "అన్నీ రాసినావు గాని, ఆ బాబు ఆ పూట ఏటి తిన్నాడో అడిగినావేటే?" అన్నది.

అడుగుచున్నాను.