రెండడుగుల భూమి

బోథ్,
జూలై 4

ప్రమోదిని మేడం గారికి, బోథ్ రైతు దయాకర్‌రావు నమస్కరించి రాయునది.

ఉపగ్రహాలతో నేలను కొలవాలని మీ ఆఫీసువాళ్లు అడిగితే, పన్నెండేళ్ల కిందట నా చేనుకూ సత్తార్ చేనుకూ నడుమ గెట్టు మీద సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద మీ యంత్రం పెట్టుకోనిచ్చాను. కట్టినవాళ్లకు అన్నం కూడా పెట్టించాను. దానికి మీరు చేసిన మర్యాద ఇదా? "మీ చేను పన్నెండేళ్లలో ఈశాన్యానికి రెండడుగులు జరిగింది, సహకారానికి కృతజ్ఞతలు" అని రాస్తారా! ఈశాన్యంలో ఉన్నది సత్తార్ చేనే. అంటే నా రెండడుగులు అతని పత్తి కిందికి పోయినట్టే కదా! మీ ఉత్తరం హోటల్లో నలుగురి ముందు చదివి, "నా భూమి నాకియ్యి సత్తార్" అని అడిగేశాను. అతను ఛాయ్ వదిలేసి లేచిపోయాడు. తప్పు లేనివాడు అట్లా పోతాడా?

ఇట్లు,
దయాకర్‌రావు

తా.క.: మీ కృతజ్ఞతలు వాపసు తీసుకోండి.


హైదరాబాద్,
జూలై 11

గౌరవనీయులు దయాకర్‌రావు గారికి నమస్కారాలు.

కంగారు పడకండి. సత్తార్ గారి చేనూ, మీ చేనూ, దేశం మొత్తమూ కలిసి ఏడాదికి రెండంగుళాల చొప్పున ఈశాన్యానికి జరుగుతున్నాయి. మీ ఇద్దరి హద్దు మారదు. చంద్రుడూ సూర్యుడూ లాగడం వల్ల మీ నేల రోజుకు రెండుసార్లు జానెడు దాకా లేచి దిగుతుంది కూడా. వాననీటి బరువుకు వేలి మందం కుంగుతుంది. గాలి బరువు, సముద్రం బరువు సరేసరి. వీటన్నిటికీ మా దగ్గర లెక్కలున్నాయి, నమూనాలంటాం. కొలతల్లోంచి వాటిని తీసేస్తేనే దిమ్మె సొంతంగా కదిలిందో లేదో తెలుస్తుంది.

భవదీయురాలు,
ప్రమోదిని

తా.క.: కృతజ్ఞతలు వాపసు తీసుకునే పద్ధతి మా ఆఫీసులో లేదు.


బోథ్,
ఆగస్టు 2

మేడం గారికి,

నమస్కారం పెట్టాలని లేదు, అయినా పెడుతున్నాను.

నేల జానెడు లేస్తే నా చెంబులో నీళ్లు ఒలకవా? మా ఇంటావిడ కోమల మీ ఉత్తరం చదివి, "అయితే నా నడుమునొప్పి గందుకేనా?" అంటోంది. ఆ ఉత్తరాన్ని నేను సత్తార్‌కు చూపించలేదు. దేశమే జరిగిందంటే అతను తప్పించుకోడా? ఇరవై ఏళ్లుగా ఇద్దరం ఒకే బండిలో పత్తి వేసుకుని భైంసా మార్కెట్‌కు పోయేవాళ్లం. ఇప్పుడు నన్ను చూస్తే సందు మారుతున్నాడు. రెండడుగుల మట్టికి దోస్తీ అమ్ముకుంటాడా! ఆ కోపంతో నేను గెట్టు వైపు పోవడమే మానేశాను. నెలాఖరుకు పెద్దమనుషులను కూర్చోబెడుతున్నాను. మీ చంద్రుణ్ణీ గాలినీ తీసేసి, దిమ్మె సొంతంగా ఏం చేసిందో సంతకం పెట్టి పంపండి.

ఇట్లు,
దయాకర్‌రావు

తా.క.: బోథ్‌కు సముద్రం లేదు. ముందు దాన్ని తీసేయండి.


హైదరాబాద్,
ఆగస్టు 14

దయాకర్‌రావు గారికి నమస్కారాలు.

అన్నీ తీసేసి చూశాం. పన్నెండేళ్లూ దిమ్మె కట్టినచోటే కదలకుండా ఉంది. కానీ జూలై ఏడు మధ్యాహ్నం, గంటసేపట్లో, సత్తార్ గారి చేను వైపు రెండడుగులు జరిగింది. చంద్రుడికి అంత బలం లేదు. ఎవరో తవ్వి జరిపారు. ఆ ఎవరో మీరు కాదని ఆశిస్తున్నాం.

భవదీయురాలు,
ప్రమోదిని

తా.క.: సముద్రం దూరమే అయినా దాని బరువు మీ దాకా వస్తుంది. మొదట్లో నేనూ నమ్మలేదు.


బోథ్,
ఆగస్టు 31

మేడం గారికి,

ఎందుకు రాశారమ్మా ఆ ఉత్తరం? అది పట్టుకుని పెద్దమనుషుల ముందు, "దిమ్మె పీకిందెవరు?" అని అరిచాను. సత్తార్ లేచి నిలబడ్డాడు.

"నేనే రావుసాబ్. నీ భూమి రెండడుగులు నా దిక్కు వచ్చిందని హోటల్ల నువ్వే చదివితివి గదా. పరాయి మట్టిల పండింది పిల్లలకెట్ల పెడ్త? జేసీబీ తెచ్చి దిమ్మె నా దిక్కు జరిపి, నీది నీకు ఇడిసిన. అయినా నువ్వు మాట్లాడకపోతివి. ఇంకా ఎక్కువ వచ్చిందేమోనని పరేషాన్ అయితున్న. నీకు మొకం చూపెట్టలేకపోయిన."

ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. దీనంతటికీ కారణం మీరే! అప్పటికప్పుడు మీ పాత ఉత్తరం తీసి, దేశమే జరుగుతోంది, నీ చేనూ జరిగింది, నాకేమీ బాకీ లేవు అని చెప్పాను. అతను నమ్మితే కదా! "నా కోసం అబద్ధమాడుతున్నవ్ రావుసాబ్. నీ మనసు పెద్దది" అని కళ్లు తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఊరంతా నన్ను పుణ్యాత్ముడంటోంది. దిమ్మె మాత్రం అతను వెనక్కి జరపనివ్వడు. ఆ రెండడుగుల్లో నేను నాగలి పెట్టలేను. దేశమే జరిగిందని అతని పేరిటే నేరుగా ఉత్తరం రాయండి.

ఇట్లు,
దయాకర్‌రావు

తా.క.: నేను మీకు రాసిన ఉత్తరాలన్నీ దానికి జతచేయండి. అతన్ని ఎన్ని మాటలన్నానో చదివితే, నా మనసు పెద్దది కాదని నమ్ముతాడు.