తాత చివరి పడుగు మీద తొమ్మిది దస్తీలు

సిరిసిల్ల నివాసిని, ఇరవై నాలుగేళ్ల గాజుల స్రవంతిని, ఎమ్మెస్సీ చదివి మూడు ఉద్యోగాలు మానేసినదాన్ని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. వచ్చే సోమవారం కరీంనగర్‌లో నా గుండెకు ఆపరేషన్. భయం లేదని డాక్టర్ అన్నాడు. మా చిన్నాయన దేవేందర్ మాత్రం టేపు పట్టుకొని మగ్గం గది కొలిచాడు. అందుకే రాస్తున్నాను.

1. నా ఆస్తి: తాత హన్మంతు నాకు రాసిచ్చిన చేతి మగ్గం, దాని మీద నేను నేసిన దస్తీలు. తాత ఎక్కించిన నిలువు పోగుల్లో ఆయన పోయేనాటికి మిగిలిన పడుగు తొమ్మిదింటికే సరిపోయింది. పదోదని ఎవరైనా అమ్మితే అది దొంగది.

2. మొదటిది కోరుట్లలోని మేనత్త మల్లక్కకు. "ముక్కు తుడుసుకునే గుడ్డకు గిన్ని దినాలానె పిల్లా?" అని నవ్వింది. కానీ బీడీలు చుట్టే ఆ వేళ్లు పోగు తప్పిన చోటే ఆగాయి. తాత బిడ్డ మరి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. చిన్నాయన భయపడేది ఆమె ఒక్కతికే.

3. రెండు నుంచి ఏడు దాకా కొన్నవాళ్లవి. జగిత్యాల టీచరమ్మ ఒకరు ఆరోదానికి ఫ్రేము కట్టించారు. వాటి మీద ఎవరికీ హక్కు లేదు. నేసింది నేనన్న గొప్ప మాత్రం నాదే.

4. ఎనిమిదోది చిన్నాయనకు. "నీ మగ్గం ఎత్తేస్తే కరెంటు సాంచాలు రెండు పడుతయ్ బిడ్డా" అని ఆ మరమగ్గాల కోసం మూడేళ్లుగా నా ప్రాణం తీస్తున్నాడు. చూసి ఇస్తానని తీసుకున్న దస్తీ నెల నుంచి ఆయన జేబులోనే ఉంది. చెమట కారితే మోచేత్తో తుడుచుకుంటాడు గానీ దాని మడత విప్పడు. నేను చూశాను.

5. తొమ్మిదోది నేయడం అయిపోయింది, ఇంకా కోయలేదు. అదీ, మగ్గమూ చిన్నాయన బిడ్డ వర్షకు. చివరి నాలుగు వేళ్ల మేర నేసింది ఆమే. "అక్కా, నా పేరు ఎయ్యవా?" అని అడిగింది. మూలన నా అక్షరం పక్కన ఆమె అక్షరమూ ఉంది.

షరతు ఒక్కటే. పోగులు దూరే దువ్వెన లాంటి అచ్చు దాకా కోయకూడదు, జానెడు పోగులు వదలాలి. కొత్త పడుగును ఆ పాత కొసలకే ముడేసి లాగాలి. కొసలు జారిపోతే అచ్చులో మళ్లీ పోగులెక్కించడం ఇంట్లో ఎవరికీ రాదు. తాతకే వచ్చేది, నేను నేర్చుకోలేదు. అప్పుడు మగ్గం పొయ్యిలోకే.

నేను తిరిగొస్తే ముడులు ఇద్దరం వేస్తాం. రాకపోతే వర్షా, ఎడమ నుంచి మొదలుపెట్టు. తాత అటునుంచే మొదలుపెట్టేవాడు.

సిరిసిల్ల, 14 నవంబరు 2024
(సంతకం) గాజుల స్రవంతి

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
జ్యోతి, స్నేహితురాలు
గంగాప్రసాద్, పక్కింటివారు