పెన్‌డ్రైవ్ పెట్టి చూడుండ్రి

ఆదివారం, పడుకునే ముందు

ఈరోజు మా ఆయనకు పాత లాప్‌టాప్ ఒకటి కొన్నాం. మిల్లులో మగ్గాల మోతకు ఆయన చెవులు మందగిస్తున్నాయి. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్‌లో చీరల డిజైన్లు వేయడం నేర్చుకుంటున్నారు. అది కుదిరితే మిల్లు మానేయవచ్చు.

పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్ మీద ఆయన మనసు పడింది. లినక్స్‌కు పనికొస్తుందా అంటే, "సబ్ చల్తా హై, భాయ్" అని, ఏదైనా నడుస్తుందన్నట్టు చెయ్యి ఊపాడు దుకాణదారు. ఆయన తలూపేశారు. లేసు కుట్టడానికి తెచ్చుకునే చీరనే నేను మడత విప్పి చూడకుండా తీసుకోను; మరక ఉంటే మన మీదికే వస్తుంది. లినక్స్ ఎక్కించుకుని తెచ్చిన పెన్‌డ్రైవ్ సంచిలోంచి తీసి, సిగ్గు చంపుకుని, "మన పెన్‌డ్రైవ్ జర పెట్టి చూడుండ్రి" అన్నాను.

"భాభీ ఇంజనీర్ హై క్యా?" అని దుకాణదారు నవ్వాడు.

పెట్టి చూస్తే, ఆ కార్డుకు లినక్స్ పడక తెర నల్లబడిపోయింది. విడిగా కార్డు లేని మామూలు లాప్‌టాప్‌లో మాత్రం లినక్స్ వెంటనే వచ్చింది. అదే తెచ్చుకున్నాం.

ఆటోలో ఆయన చెవి దగ్గరకు వంగి, "పెద్ద డిజైన్లకు ఇది ఆగి ఆగి నడుస్తదేమో" అన్నాను.

"ఆగనీ. గప్పుడు నువ్వు ముచ్చట చెప్పు. మిల్లుల నీ ఫోనొస్తే ఒక్క ముక్క వినబడది."

నేను అటు తిరిగి దారి చూస్తూ కూర్చున్నాను. ఏం ముచ్చట చెప్పాలో ఇప్పటినుంచే ఆలోచిస్తున్నాను.