అదనపు అరగంట

సీతాఫల్‌మండి,
22 సెప్టెంబరు 2000.

చిరంజీవి కల్పలతకు నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ మీ అమ్మా ఆరోగ్యంగానే ఉన్నాం. బెంగళూరులో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యం చేసింది పోస్టువాళ్లు కాదు, నేనే.

వానల సంగతి అడిగావు. మూడు రోజులుగా ముసురు, వంటింటి మూల మళ్లీ కారుతోంది. అమ్మ మోకాళ్ల నొప్పి అడిగావు. డాక్టరు మెట్లెక్కవద్దన్నాడు, ఆవిడ బట్టలు మాత్రం మిద్దె మీదే ఆరేస్తోంది. రోజంతా ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడి గొంతు పోతోందని రాశావు. మిరియాల పాలు తాగు.

మా కాలేజీ పరీక్షల సెక్షన్‌లో ఈసారి స్క్రైబ్‌లకు కరువొచ్చింది. చూపు లేనివాళ్లకూ, చెయ్యి సాగనివాళ్లకూ పరీక్ష రాసిపెట్టే పిల్లలు వాళ్లకంటే తక్కువ తరగతి చదువుతుండాలి కదా. ఇంటర్ పిల్లల్ని అడిగితే ఒకరికి ఎంసెట్ కోచింగ్, ఒకరికి అమీర్‌పేటలో కంప్యూటర్ క్లాసు. చిలకలగూడలో ఇల్లిల్లూ తిరిగి సువార్త అనే అమ్మాయిని ఒప్పించాను. చూపులేని లూకా గుర్తున్నాడా? డిగ్రీ పాసయ్యాడు. స్వీటు డబ్బా తెచ్చి, నా చెయ్యి వెతికి పట్టుకుని, "మీరు లేకుంటే నేను పాసయ్యేటోణ్ణి కాదు సార్" అన్నాడు. ఆ డబ్బా విప్పకుండానే అటెండరుకు ఇచ్చేశాను.

ఇక నువ్వడిగిన అసలు సంగతి. డిగ్రీ సర్టిఫికెట్ ఉంటేనే మీ కంపెనీ పర్మనెంట్ చేస్తానందనీ, నీకు పరీక్షలో అదనపు అరగంట ఇవ్వనన్న యూనివర్సిటీ కాగితం పంపితే అక్కడి లాయరమ్మ పోరాడతానందనీ రాశావు. ఎస్‌టీడీ బూత్‌కు రెండుసార్లు వెళ్లాను. నంబరు నొక్కి పెట్టేశాను.

ఆ కాగితం లేదమ్మా. యూనివర్సిటీ కాదనలేదు. నీ దరఖాస్తు నా టేబుల్ సొరుగు దాటలేదు.

రెండేళ్ల కిందట యూనివర్సిటీకి పంపే ఆ దరఖాస్తులన్నీ కట్ట కడుతుంటే మా సెక్షన్ మధుసూదన్ వచ్చాడు. "ఏంది సార్, ఈసారి గింతమంది ఉన్నరు? మనోళ్ల పిల్లలు సుత ఉన్నరా ఏంది?" అని నవ్వాడు. ఊరికే అన్నాడు. అన్నిటికంటే పైన నీదే ఉంది. అతను చూడకముందే తీసి సొరుగులో వేశాను. సొంత కూతురికి మేలు చేసుకున్నాడని నలుగురూ అనకూడదు, అందుకే తీశానని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. నా కూతురి కుడిచెయ్యి సరిగా సాగదని ఆఫీసులో తెలియడం నాకు నామోషీ. ఆ చెయ్యి చున్నీలో దాచుకొమ్మని నీకు నేర్పిందీ నేనే. చివరి ప్రశ్నలు వదిలేసి వచ్చి, "టైం సరిపోలే నాన్నా" అని నువ్వు రెండేళ్లూ ఏడిస్తే, "రూల్స్ గట్లున్నయి బిడ్డా" అన్నాను. ఆ మాట అని అన్నం కూడా తిన్నాను.

నిన్న మీ అమ్మకు చెప్పాను. "దాని చెయ్యి మంచిగనే ఉంది. నీ బుద్ధే మంచిగ లేదు" అంది. అప్పటినుంచి కంచం పెట్టి లోపలికి పోతోంది.

నీ ఉత్తరం చదివిన మర్నాడే ఆ పాత దరఖాస్తుకు, దాన్ని ఆపింది నేనేనని ఒక కాగితం రాసి జతచేసి ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టాను. ఆయన రెండూ చదివి, నన్ను కూర్చోమనకుండానే సంతకం పెట్టారు. నామీద ఏం చర్య తీసుకుంటారో ఇంకా తెలియదు. యూనివర్సిటీకి కవరు తీసుకెళ్లింది మధుసూదనే. "ముందుగాలనే చెప్తే ఏమైతుండె సార్" అన్నాడు, అంతే. నాలుగు రోజుల్లో అనుమతి వచ్చింది. నాలుగు రోజుల పని బిడ్డా. నీవి రెండేళ్లు పోయాయి.

అనుమతి కాగితం ఇందులో పెట్టాను. నవంబరు ఆరున మొదటి పేపరు. పాత సిలబస్‌కు ఇదే ఆఖరుసారి. అదనపు అరగంట ఉంది, రాసిపెట్టడానికి సువార్త వస్తుంది. ఆ రోజుల్లో నేను సెలవు పెడతాను, నీకు ఎదురుపడను. నాతో మాట్లాడకపోయినా సరే, పరీక్ష మానకు.

వచ్చేటప్పుడు చున్నీలో చెయ్యి దాచుకుని మాత్రం రాకు.

ఇట్లు,
నీ నాన్న
బ్రహ్మచారి